పిడికెడు బియ్యం, పరదేశపు చందా: తిరుమలగిరి నుంచి మెదకు దాకా ఒక సంఘం విస్తరణ

తెలంగాణ క్రైస్తవ చరిత్రను గురించి రెండు అభిప్రాయాలు బలంగా నాటుకొని ఉన్నాయి. పరదేశపు సొమ్ము రావడం వల్ల సంఘాలు పెరిగాయన్నది ఒకటి. సొమ్ముతో ప్రమేయం లేకుండా కేవలం విశ్వాసం వల్లనే పెరిగాయన్నది మరొకటి. మొదటిది విమర్శకుల మాట, రెండోది మిషను చరిత్రకారుల మాట. పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపించే ఈ రెండింటికీ ఉమ్మడి లోపం ఒకటి ఉంది. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ సముద్రానికి ఆవలనే ఉన్నదని రెండూ భావించాయి. పల్లెటూరి తెలుగు క్రైస్తవుడు ఈ రెండు కథనాల్లోనూ పుచ్చుకునేవాడే తప్ప ఇచ్చేవాడు కాడు. సికింద్రాబాదు దండు ప్రాంతమైన తిరుమలగిరి నుంచి బయలుదేరి మెదకు, నిజామాబాదు పల్లెలకు విస్తరించిన వెస్లియన్ మెథడిస్టు సంఘం చరిత్రను, నిజాం రాష్ట్రంలోనే దానికి తూర్పున పెరిగిన దోర్నకల్ ఆంగ్లికన్ సంఘం చరిత్ర పక్కన పెట్టి చూస్తే చిత్రం కొంత మారుతుంది. ఎంత సొమ్ము వచ్చిందన్న లెక్కకన్న, ఇవ్వగలవారుగా ఎవరు లెక్కకు వచ్చారన్న విషయమే సంఘం ఎదుగుదలలో నిర్ణాయకమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

దండులోని గుడి

1798 సంధి ప్రకారం హైదరాబాదు నిజాం ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తన రాజ్యంలో ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు. హుస్సేన్ సాగరుకు ఉత్తరాన వెలసిన ఆ దండు 1806లో సికిందర్ జా పేరుమీద సికింద్రాబాదు అయింది. జనం నోట చాలా కాలం అది 'లష్కరు'. దండుకు ఈశాన్యంగా ఉన్న తిరుమలగిరి 19వ శతాబ్ది మధ్యకాలం నుంచి తెల్లదండుకు ప్రధాన స్థావరమైంది. ఇంగ్లీషువారి నోట అది 'ట్రిమల్‌ఘెర్రీ'గా మారింది. తిరుమలేశుని పేరు మోస్తున్న ఊరిలో బ్రిటిష్ పటాలాల ప్రార్థన కోసం 1860లో ఆల్ సెయింట్స్ చర్చి లేచింది. అంతకు ముందే సికింద్రాబాదులో 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉన్నాయి. బొల్లారం చర్చికి విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చిందన్నది ప్రసిద్ధం. ఆమె మునిమనుమడి కూతురు రెండో ఎలిజబెత్ రాణి 1983 నవంబరు 20న, తన పెళ్లిరోజున, అదే చర్చిలో ప్రార్థనకు రావడంతో ఆ ప్రసిద్ధి మరింత స్థిరపడింది.

రాణిగారి విరాళం అందరికీ గుర్తుంది. గుర్తుండనిది మరో విరాళం. దండు చర్చిల మతగురువులకు జీతాలు ఇచ్చింది భక్తులు కారు, ప్రభుత్వ ఖజానా. బ్రిటిష్ ఇండియాలో ఇందుకు ప్రత్యేకంగా ఒక మతశాఖ ఉండేది. దాని ఖర్చు పన్నుల రాబడి నుంచి వచ్చేది. సికింద్రాబాదు విషయంలో ఈ లెక్క ఇంకొంచెం ముందుకు పోతుంది. ఈ సైన్యం ఖర్చు నిమిత్తం 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న ప్రాంతాలే దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమ, బళ్లారి. తిరుమలగిరి సైనికుడు ఆదివారం తుపాకీతో సహా వచ్చి కూర్చున్న గుడికి మూలంలో పెట్టుబడి పెట్టినవాడు కడప, అనంతపురం ప్రాంతాల శిస్తు కట్టిన తెలుగు రైతు. ఆ సంగతి అతనికి తెలియదు. అతన్ని ఎవరూ అడగలేదు. అడగకుండా తీసుకున్నదానిని దానం అనలేం. ఈ రకం చర్చి ఎంత అందంగా కట్టినా చుట్టుపక్కల తెలుగు జనంలోకి విస్తరించలేదు. విస్తరించాలన్న ఉద్దేశమూ దానికి లేదు.

వెస్లియన్ల పరిస్థితి వేరు. ఆంగ్లికన్ మతగురువులకు ఉన్న ప్రభుత్వ హోదా వారికి మొదట లేదు. పటాలాల్లో మెథడిస్టు సైనికులు ఉన్నారు కాబట్టి వారి కోసం వెస్లియన్ బోధకులు తిరుమలగిరికి వచ్చేవారు. గారిసన్ వెస్లీ చర్చి పేరు నేటికీ ఆ చరిత్రను చెబుతుంది. విలియం బర్జెస్ సికింద్రాబాదులో తెలుగువారి మధ్య పనికి పునాది వేసిన 1879ని హైదరాబాదు వెస్లియన్ మిషను తన పుట్టిన సంవత్సరంగా లెక్కవేసుకుంది. ఎఫ్. కాలియర్ సాకెట్ రాసిన మిషను చరిత్ర 1879 నుంచి 1929 వరకు గడిచిన యాభై ఏళ్లకే పరిమితమైంది.

ఇక్కడ మెథడిస్టుల చందా పద్ధతిని కొంచెం వివరించవలసి ఉంది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జాన్ వెస్లీ అనుచరులు తమ ప్రార్థనా మందిరం మీది అప్పు తీర్చడానికి ఒక ఉపాయం ఆలోచించారు. సభ్యులను పన్నెండేసిమంది చొప్పున గుంపులుగా చేసి, గుంపుకు ఒక పెద్దను నియమించి, అతడు వారానికి తలకొక పెన్నీ వసూలు చేయాలన్నారు. చందాకోసం ఇల్లిల్లూ తిరిగిన పెద్దకు ఆ ఇళ్ల కష్టసుఖాలు తెలిశాయి. వసూలు గుంపు క్రమంగా ప్రార్థన గుంపు అయింది. మెథడిస్టు సంఘ నిర్మాణానికి వెన్నెముకగా చెప్పే 'తరగతి' ఇలా పుట్టింది. అప్పు తీర్చే ఏర్పాటే ఆత్మీయ వ్యవస్థగా మారిన ఈ ఉదంతం, దానమూ విస్తరణా ఎంతగా పెనవేసుకొని ఉంటాయో చూపుతుంది. హైదరాబాదు మిషనుకు ఇంగ్లండు నుంచి వచ్చిన సొమ్ములో కూడా సింహభాగం ప్రభువుల ఖజానాలది కాదు. గని కార్మికులు, మిల్లు కార్మికులు, ఆదివారపు బడి పిల్లలు డబ్బాల్లో వేసిన చిల్లర అందులో చాలా ఉంది. 'పరదేశపు సొమ్ము' అనగానే ఒక పెద్ద సంచీ మనసులో మెదులుతుంది. చాలా సందర్భాల్లో అది వేల చిన్న డబ్బాల మొత్తం.

మెతుకుసీమలో గుడి కట్టిన కరువు

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదు చేరాడు. మొదట తిరుమలగిరిలోని బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య చేశాడు. ఆ పని అతనికి తృప్తినివ్వలేదు. దండు చుట్టూ తెలుగు పల్లెలు ఉన్నాయి, దండుకు వాటితో పాలు, గడ్డి, కూలి వరకే సంబంధం. 1896లో అతడు గుర్రం మీద మెదకు వెళ్లాడు. దారి రెండు రోజులు. అప్పటికి అక్కడికి రైలు లేదు. తిరుమలగిరి నుంచి మెదకుకు జరిగిన ఈ మార్పు కేవలం స్థల మార్పు కాదు. జీతభత్యాలు, హాజరు పట్టీలు ఉన్న దండు సంఘం నుంచి, ఏమీ లేని పల్లె సంఘానికి జరిగిన మార్పు అది.

మెదకు పాత పేరు మెతుకుదుర్గం. ఆ సీమను ఇప్పటికీ మెతుకుసీమ అంటారు. అన్నపు మెతుకు పేరు పెట్టుకున్న ఊరిలో మెతుకు కరువై ఒక మహాదేవాలయం లేచిందన్నది తెలంగాణ చరిత్రలోని విడ్డూరాలలో ఒకటి. 1914లో కట్టడం మొదలైంది. అదే సంవత్సరం ఐరోపాలో యుద్ధం వచ్చింది. వానలు తప్పాయి, 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నిజాం రాష్ట్రాన్ని కూడా ఊడ్చింది. ఆకలితో వచ్చిన జనానికి ఊరికే అన్నం పెట్టే బదులు పాస్నెట్ పని చూపించి కూలి ఇచ్చాడని మెదకు ప్రాంతపు జ్ఞాపకం నిలబెట్టుకుంది. పదేళ్ల తరవాత, 1924 డిసెంబరు 25న గుడి ప్రతిష్ఠ జరిగింది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గంటల గోపురం. ఒకేసారి 5000 మంది కూర్చోగల మందిరం. నేలకు పరచిన రంగు పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరచినవారు ఇటలీ పనివారు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన గాజు కిటికీలు ఆ తరవాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా చేరాయి. గోపురం చార్మినారును మించిందని నిజాం ప్రభుత్వం కలవరపడిందన్న కథ ఒకటి జనంలో ఉంది. అది జనశ్రుతి. దాన్ని చరిత్రగా కాక, పల్లెజనం ఆ గోపురాన్ని చూసి పొందిన గర్వానికి గుర్తుగా చదవడం మేలు.

కరువు కూలితో కట్టిన గుడి మీద రెండు ప్రశ్నలు సహజంగా వస్తాయి. అన్నం ఆశ చూపి మతంలోకి లాగారా? కూలి చేసినవారికి ఆ గుడి మీద ఏ హక్కు కలిగింది?

మొదటి ప్రశ్నకు తెలుగుదేశంలో అప్పటికే ఒక పూర్వోదాహరణ ఉంది. 1876–78 నాటి ధాతు కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని కరువు జనానికి పని కల్పించాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదన్నది అతని ఆలోచన. కరువు సహాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మిషను పత్రికలు ప్రపంచమంతా చాటాయి, అమెరికాలో చందాలు పెరగడానికి అది తోడ్పడింది కూడా. ఇక్కడ క్రమం గమనించదగ్గది. చందా వల్ల విస్తరణ జరిగిందన్న వాదానికి ఒంగోలు ఉదంతం పూర్తిగా లొంగదు. విస్తరణ జరిగిన తరవాత చందా పెరిగింది. అంతకు ముందు ఒంగోలు ప్రాంతంలో ఈ మతాన్ని ఊరూరా మోసుకుపోయినవాడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. అతని కాళ్లకు కూలి ఏ అమెరికా సంఘమూ ముందుగా పంపలేదు.

అయినా అన్నానికీ మతానికీ సంబంధమే లేదనడం కూడా సత్యదూరం. కరువులో తమ పక్కన నిలబడ్డవారిని జనం గుర్తుపెట్టుకుంటారు. అప్పటిదాకా ఊరి బావి దగ్గరకు రానివ్వనివారికి మనిషిగా చూసే చూపు కూడా అన్నమంత అవసరమే. 1933లో వెలువడిన తన అధ్యయనంలో జె. వాస్కం పికెట్ భారతదేశంలోని సామూహిక మతాంతరీకరణలను పరిశీలించాడు. జనం మొదట ఏ ఉద్దేశంతో వచ్చారన్నదానికన్న, వచ్చిన తరవాత వారికి అందిన బోధన, శిక్షణ, ఆరాధన అలవాటు ముఖ్యమని అతడు తేల్చాడు. మెదకు విషయంలో రెండో ప్రశ్నకు, అంటే గుడి మీద హక్కు ప్రశ్నకు, ఈ పరిశీలన సమాధానం వైపు దారి చూపుతుంది. గుడి పని చేసిన చేతులు తరవాత గుడికి ఇచ్చే చేతులు ఎలా అయ్యాయన్నది అసలు విషయం.

ఆ సంగతికి పోయేముందు అదే మిషనులోని మరో దానాన్ని చెప్పుకోవాలి. ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠురోగుల సేవ మొదలుపెట్టారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరవడానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. చౌల్మూగ్ర జాతి నూనెతో చేసే సూది చికిత్సకు డిచ్‌పల్లి దేశమంతటా పేరు పొందింది. మిషను లెక్కల్లో 'స్థానిక విరాళం' అన్న పద్దు కింద పడిపోయే ఈ సొమ్ము, దాత విదేశీయుడు, గ్రహీత దేశీయుడు అన్న విభజనను చెదరగొడుతుంది. ఇంకొక విశేషం ఉంది. దానం చేయడానికి నర్సాగౌడ్ మతం మారనక్కరలేకపోయింది, చికిత్స పొందడానికి రోగీ మారనక్కరలేకపోయింది. డిచ్‌పల్లి వంటి చోట్ల మిషనుకు దక్కిన గౌరవం సభ్యుల పట్టీలో కనిపించదు.

కుండలో పోసే ముందు ఒక గుప్పెడు

మెదకు సంఘం ఇంగ్లండు మీద ఆధారపడి గోపురం కడుతున్న కాలంలోనే, నిజాం రాష్ట్రంలోనే, వరంగల్లు వైపు దోర్నకల్లులో మరో ప్రయోగం సాగింది. దాని నాయకుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు పరదేశపు సాయం లేకుండా ఇండియన్ మిషనరీ సొసైటీని పెట్టుకొని తెలుగుదేశానికి తమ మనుషులను పంపారు. 1909లో అజరయ్య తానే దోర్నకల్లుకు వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. దాని ముందు, 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య సంఘాలు తమ ఆస్తినీ ప్రాణాన్నీ ధారపోశాయని ఒప్పుకుంటూనే, తమకు కావలసింది స్నేహితులని ఆయన చెప్పాడు. ఆ ప్రసంగాన్ని సాధారణంగా జాతి వివక్ష మీది నిరసనగా చదువుతారు. దానిని దాన మీమాంసగా కూడా చదవాలి. ఎప్పుడూ ఇచ్చేవాడూ, ఎప్పుడూ పుచ్చుకునేవాడూ స్నేహితులు కాలేరన్న గ్రహింపు అందులో ఉంది. దోర్నకల్లులో ఆయన తరవాత చేసిన పని ఆ గ్రహింపుకు ఆచరణ రూపం.

సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. వారికి నెల జీతం లేదు, చేతిలో నాణెం ఆడదు. కూలి గింజల రూపంలో వస్తుంది. నాణెం అడిగే చర్చి వారిని శాశ్వతంగా బీదలుగానే ఉంచుతుంది, ఇవ్వలేనివారుగా లెక్కగడుతుంది. పిడికెడు బియ్యం పద్ధతి ఈ చిక్కును విప్పింది. ఇల్లాలు ఎసట్లో బియ్యమో జొన్నలో పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. వారం చివర దాన్ని గుడికి తెస్తుంది. ఇదే పద్ధతి వేల్స్ మిషను కింద మిజో కొండల్లో 1910 ప్రాంతాల నుంచి వ్యవస్థగా పెరిగి, అక్కడి సంఘాల ప్రధాన ఆదాయాల్లో ఒకటైంది. తెలుగు పల్లెల్లో అది అంత పెద్ద ఆదాయం కాకపోయినా దాని ప్రభావం మరో దిక్కున పనిచేసింది. ఈ దానంలో దాత ఆడమనిషి. ఇంటి మగవాడి అనుమతితో, అతని సంచీలోంచి ఇచ్చేది కాదు. వంటింటి మీద ఆమెకున్న అధికారంలోంచి ఇచ్చేది. గుడి లెక్కల పుస్తకంలో పాలేరు భార్య తన పేరున ఇచ్చేదానిగా నమోదైన తొలి సందర్భాల్లో ఇది ఒకటి కావాలి.

'అన్నం కోసం మతం పుచ్చుకున్నవారు' అన్న ఎద్దేవాను ఈ నేపథ్యంలో పెట్టి చూడాలి. అదే అన్నం, అదే గింజ. ఒక కథనంలో అది పై నుంచి కిందికి వచ్చిన ఎర. మరో వాస్తవంలో అది కింది నుంచి గుడికి పోయిన కానుక. సామాజిక చరిత్ర రచనలో మొదటిదానికి దొరికిన చోటు రెండోదానికి దొరకలేదు. మిషను నివేదికలు లండనుకు, బోస్టనుకు రాసినవి కావడం అందుకు ఒక కారణం. చందా అడిగే నివేదికలో బీదతనానికి ఉన్న విలువ బీదవాడి దాతృత్వానికి ఉండదు.

అజరయ్య దానాన్నీ సాక్ష్యాన్నీ విడదీయలేదు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించడం తన పని అని చెప్పించేవాడు. ప్రకటన జీతగాడైన బోధకుడి పనిగా మిగిలితే బోధకుల సంఖ్యకు మించి సంఘం పెరగదు. బోధకుల సంఖ్య చందాకు మించి పెరగదు. ఈ గొలుసును తెంచడానికే దోర్నకల్లులో ఏటా సాక్ష్య వారాలు జరిగాయి. పల్లెవారే పొరుగు పల్లెలకు పోయి పాటలతో, మాటలతో తమ సంగతి చెప్పుకున్నారు. 1930లలో తెలుగు ప్రాంతంలో కొన్ని వ్యవసాయ కులాలవారు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. మాలమాదిగల బతుకులో వచ్చిన మార్పును చూసి వచ్చామని వారిలో పలువురు చెప్పినట్లు పికెట్ తరవాతి పరిశీలనల్లో ఉంది. ఆ దశాబ్దంలోనే గాంధీజీ మిషనరీల మతాంతరీకరణను తీవ్రంగా విమర్శించాడు, అజరయ్యతో ఆయనకు ఘర్షణ వచ్చింది. గాంధీజీ విమర్శలో డబ్బు, ఆసుపత్రి, బడి ప్రధానం. దోర్నకల్ అనుభవంలో వాటితో పాటు మరొకటి ఉందన్నది అజరయ్య సమాధానంలోని సారం.

రెండు మహాదేవాలయాలను పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. మెదకు గుడి ఇంగ్లండు గోతిక్ శైలిలో పదేళ్లలో పూర్తయింది. దోర్నకల్ ఎపిఫనీ మహాదేవాలయం ఏళ్ల తరబడి మెల్లగా లేచి 1939 జనవరి 6న ప్రతిష్ఠ పొందింది. దాని గుమ్మటాల్లో మసీదు, స్తంభాల్లో కోవెల కలిసి కనిపిస్తాయి. వేగం డబ్బుది, రూపం దాని మీద అధికారం ఎవరిదైతే వారిది. దీన్నిబట్టి మెదకు గుడి పరాయిది, దోర్నకల్ గుడి సొంతమైనది అని తేల్చడం తొందరపాటు. మెదకు గుడికి నేడు మతభేదం లేకుండా జనం మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. కట్టడం పుట్టుక ఎక్కడిదైనా మొక్కు తెలుగుదే.

కానుక, చందా, ధర్మం

ఇచ్చే వ్యవహారానికి తెలుగు క్రైస్తవులు వాడిన పదాలే ఈ చరిత్రను మరో కోణంలో చూపుతాయి. 'కానుక' కాను అన్న ధాతువు నుంచి వచ్చింది. పెద్దలను చూడబోయినప్పుడు ఉత్త చేతులతో పోకుండా తీసుకుపోయేది కానుక. అందులో దర్శనం ఉంది, అంతరువు కూడా ఉంది. దొర ముందు, దేవుడి ముందు ఒకే మాట. తెలుగు బైబిలులో బీద విధవరాలు రెండు కాసులు వేసింది కానుకపెట్టెలోనే. 'ధర్మం' అన్న మాట బీదలకు ఇచ్చేదానికి వాడారు. కొరింథీ సంఘానికి పౌలు రాసిన పత్రికలో యెరూషలేము పేదల కోసం సంఘాలు పోగుచేసిన సొమ్మును మాత్రం అనువాదకులు 'చందా' అన్నారు. పారసీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగుకు వచ్చిన మాట అది. సమానులు తలా ఇంత వేసుకునేదన్న అర్థం దానిలో ఉంది. దొరకు చెల్లించే కానుకకూ, బిచ్చగాడికి వేసే ధర్మానికీ నడుమ సమానుల మధ్య ఉండే ఇచ్చిపుచ్చుకోలుకు తగిన మాట గ్రాంథిక పదజాలంలో దొరకక, కచేరీ వాడుక నుంచి తెచ్చుకోవలసి వచ్చిందని ఊహించవచ్చు. తొలి శతాబ్దపు ఆ వసూలు కూడా అంతర్జాతీయ సహాయమే. గ్రీకు నగరాల సంఘాలు యెరూషలేముకు పంపిన సొమ్ము అది. ఆనాడు సొమ్ము కొత్త సంఘాల నుంచి తల్లి సంఘానికి పోయింది. మిషను కాలంలో దిశ తిరగబడింది.

స్వపోషణ దాకా

సంఘం తన ఖర్చు తాను భరించాలి, తన పాలన తాను చూసుకోవాలి, తన వ్యాప్తి తానే చేసుకోవాలి అన్న మూడు సూత్రాలను 19వ శతాబ్ది మధ్యలోనే ఇంగ్లండులో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ ప్రతిపాదించారు. సూత్రం పాతదే, ఆచరణకు యుద్ధాలు కావలసి వచ్చాయి. రష్యాలోని మెనొనైట్ బ్రదరెన్ సంఘాలు 1890 ప్రాంతం నుంచి నల్లగొండ వైపు మిషనరీలను పంపి పోషించాయి. ప్రపంచ యుద్ధం, ఆపై విప్లవంతో ఆ సాయం ఆగిపోయింది. ఉక్రెయిన్ గోధుమ పొలాల రాబడి మీద ఆధారపడిన నల్లగొండ పల్లె బడి సంగతి ఎవరి ప్రణాళికలోనూ లేకుండా తేలిపోయింది. 1930లలో ప్రపంచ ఆర్థిక మాంద్యం అమెరికా మిషన్ల నిధులను కోసింది. పరదేశపు చందా మీద నిలిచినది ఆ దేశపు వాతావరణానికి లోబడి ఉంటుందని తెలుగు సంఘాలు ఇలా తెలుసుకున్నాయి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ ఐక్యత కోసం 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడిన అజరయ్య దాన్ని చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశాడు. మెథడిస్టు మెదకు, ఆంగ్లికన్ దోర్నకల్ ఒకే సంఘంలో చెరొక అధ్యక్ష మండలమయ్యాయి. తిరుమలగిరి దండు గుళ్లు కూడా తెల్లదండు వెళ్లిపోయాక ఈ సంఘంలో భాగమయ్యాయి. సైనికుల కోసం కట్టిన బల్లల మీద, ఒకప్పుడు ఆ సైనికులకు వంట చేసినవారి, బట్టలుతికినవారి మనుమలు కూర్చునే స్థితి వచ్చింది. ప్రభుత్వ జీతం పోయిన ఆ గుళ్లకు నిలబడే ఆధారం ఆదివారపు కానుక పళ్లెం ఒక్కటే.

పెరుగుదలను లెక్కించడం ఇక్కడి నుంచి కష్టమైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో చేరతారు. గుడిలో ఒక పేరు, కాగితంలో మరో పేరు ఉన్న కుటుంబాలు అనేకం. అందువల్ల జనాభా లెక్కల్లోని క్రైస్తవుల సంఖ్యను సంఘాల విస్తృతికి కొలతగా తీసుకోవడం సరికాదు. కానుకలు ఇచ్చేవారి పట్టీ కొన్ని చోట్ల జనాభా లెక్కకన్న నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇదే కాలంలో పరదేశపు చందా ప్రశ్నకు మరో కొసన నిలబడ్డవాడు భక్తసింగ్. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టి, తరవాత హైదరాబాదు హెబ్రోనును కేంద్రం చేసుకున్నాడు. విదేశీ మిషనుల జీతం తీసుకోలేదు, బహిరంగంగా చందా అడగలేదు. ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాల్లో వేలమందికి రోజుల తరబడి ఉచితంగా భోజనం పెట్టేవారు. బియ్యం, కూరలు సంఘస్థులు తెచ్చేవి, వండేదీ వడ్డించేదీ వారే. కులం తెలియని పంక్తిలో చాపల మీద కూర్చొని తినడం అక్కడ ఆరాధనలో భాగమైంది. 2000 సెప్టెంబరులో ఆయన చనిపోయేనాటికి ఆయన ప్రభావంతో ఏర్పడ్డ సంఘాలు దేశమంతటా ఉన్నాయి. మెదకు, దోర్నకల్, హెబ్రోను మూడింటినీ ఒకే గీత మీద పెట్టి ఒకటి మేలు, మరొకటి కీడు అనలేం. డిచ్‌పల్లి వంటి ఆసుపత్రిని హెబ్రోను పద్ధతిలో నడపడం సాధ్యమయ్యేది కాదు. సంఘస్థుల వంటతో వేలమందిని ఒక పంక్తిలో కూర్చోబెట్టడం లండను నిధులతో సాధ్యమయ్యేది కాదు.

పరదేశపు చందా మీద ప్రభుత్వ అదుపు 1976 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంతో మొదలై, 2010 చట్టంతో, 2020 సవరణతో బిగిసింది. ఇప్పుడు విదేశీ విరాళం ఏ ఊరి సంస్థకు వచ్చినా ముందు కొత్తఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాలో పడాలి. పాలనా ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడరాదు. నమోదు రద్దయిన సంస్థల పనులు కొన్ని ఆగాయి, పరదేశపు సొమ్ముతో నడిచిన ఆసుపత్రులు, వసతిగృహాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. పల్లె సంఘాల ఆదివారపు ఆరాధన మీద దాని ప్రభావం తక్కువ. ఎందుకంటే ఆ ఆరాధన ఖర్చు ఢిల్లీ ఖాతా నుంచి ఎన్నడూ రాలేదు. కోత పండుగనాడు సంఘస్థులు తొలి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, పసుపు కొమ్ములు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోనే వాటికి వేలంపాట జరుగుతుంది. బజారులో ఇరవై రూపాయలకు దొరికే సొరకాయ అక్కడ వందలు పలుకుతుంది. పాడుకున్నవాడు చాలాసార్లు దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్లీ వేలానికే పెట్టమని తిరిగి ఇచ్చేస్తాడు.